ప్లాస్టిక్ కుర్చీలు పక్కకి తోసి తీసిన ఫోటో

ఆ ఫోటోకి వచ్చినన్ని లైకులు నా పెళ్ళి ఫోటోకి కూడా రాలేదు. కోనసీమలో మా అమ్మమ్మగారింటి మండువా అది. నాలుగు టేకు స్తంభాలు, పైనుంచి ఏటవాలుగా దిగుతున్న ఎండ, ఎండ పడే చోట ఉయ్యాల బల్ల, బల్ల మీద మెరుస్తున్న ఇత్తడి చెంబు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "మా తాతగారిల్లు గుర్తొచ్చిందండీ", "ఆ రోజులే వేరు" అని రాశారు. ఒకాయన తన రెస్టారెంటు గోడకి పెట్టుకుంటానని పెద్ద సైజు ఫైలు అడిగితే ఇచ్చాను కూడా. ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ ఫోటో ఫోన్లో ఎక్కడైనా కనపడితే గబుక్కున పైకి తోసేస్తాను. అందులో ఉన్న ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బతకలేదని నాకు తెలుసు.

తీసేముందు నేను చేసిన పని చెప్తాను వినండి. మండువాలో రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలుంటే పక్కగదిలోకి తోసేశాను. స్తంభానికి మేకు కొట్టి తగిలించిన ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు తీసి మంచం కింద పెట్టాను. కూలరు, దోమల బ్యాటు, మావయ్య బీపీ మాత్రల డబ్బా, మూడు ప్లగ్గులు గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఏదీ కనపడకూడదు. 1996 నవంబరు తుఫానులో తూర్పు వసారా పెంకులు లేచిపోతే అటువైపు సిమెంటు రేకులు వేశారు. ఆ రేకులు ఫ్రేములోకి రాకుండా మూడడుగులు ఎడమకి జరిగాను. ఇక ఆ చెంబు సంగతి. అది ఇరవయ్యేళ్ళుగా అటక మీదే ఉంది. నేనే దింపి, చింతపండుతో తోమి, బల్ల మీద పెట్టాను. ఆ ఇంట్లో అప్పటికి అందరూ నీళ్ళు తాగేది వాటర్ టిన్నులోంచి, స్టీలు గ్లాసులతో.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి చూసి, "ఏంటే, పెళ్ళిచూపులకి సర్దినట్టు సర్దుతున్నావు? ఇంటికేమైనా సంబంధం చూశావా?" అంది. అప్పుడు నవ్వేశాను. ఏడాది తిరక్కుండా సంబంధం కుదిరింది కూడా. కలప కొనేవాళ్ళు వచ్చి స్తంభాలు వేళ్ళతో తట్టి చూసి, దూలాలు ఎన్నో లెక్కపెట్టుకుని, అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు.

పాత ఇళ్ళ ఫోటోలు తీసేవాళ్ళం చాలామందిమి (నాతో కలిపే చెప్తున్నాను) ఇంటిని చూడం. ఇంటి గురించి మనకున్న కలని చూస్తాం, ఆ కలకి అడ్డొచ్చినదాన్ని పక్కకి తోస్తాం. దానికి "ఆర్టిస్టిక్ విజన్" అని పేరు పెట్టుకుంటాం. నాకున్న పేచీ ఆ పేరుతోనే. తోసేయడానికి దృష్టి అక్కర్లేదు, రెండు చేతులు చాలు.

మండువా ఇల్లు చూడనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఇంటి మధ్యలో పైకప్పు ఉండదు. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ ఉంటుంది. వాన పడితే నీళ్ళు నాలుగు మూలల నుంచీ ధారగా మండువాలోకి దిగి, తూములోంచి బయటికి పోతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలవలు పారి, వరి పండి, డబ్బు కళ్ళపడ్డాక డెల్టాలో ఇలాంటి ఇళ్ళు చాలా లేచాయి. ఎగువ అడవుల్లోంచి కలపని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. మా అమ్మమ్మగారింటి స్తంభాలూ అలా వచ్చినవేనని మావయ్య చెప్పేవాడు. మావయ్య చెప్పేవాటిలో సగం కోతలే అయినా, ఇది మాత్రం నమ్మొచ్చు.

ఇలాంటి ఇంటికి వెలుగు వచ్చేది ప్రధానంగా ఒక్క చోటు నుంచే. మండువాలో పడ్డ వెలుగు చుట్టూ ఉన్న వసారాలోకి పాకుతుంది. అక్కడ మిగిలింది గుమ్మాల్లోంచి గదుల్లోకి వెళ్తుంది. నట్టింటి మూలకి చేరేసరికి అది మూడు చేతులు మారిన వెలుగు. అక్కడ భోషాణం, అంటే పెద్ద చెక్కపెట్టె, ఉండేది. పిల్లలం ఆ భోషాణాన్ని కళ్ళతో కంటే చేతులతోనే ఎక్కువ ఎరుగుదుం. దాని ఇనప కడియం ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది, మూత అంచు మీద పసుపు అంటి గరగరలాడేది. అది ఏ రంగో నాకు చాలా ఏళ్ళు తెలియదు.

మొదటిసారి ఆ మూలని ఫోన్లో నైట్ మోడ్ పెట్టి తీశాను. ఫోను ఏం చేస్తుందంటే, కొన్ని సెకన్లలో చాలా ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చీకటిలో దాగినదంతా పైకి లాగుతుంది. వచ్చిన ఫోటోలో భోషాణం షోరూంలో సోఫా లాగా ఉంది. చెక్క ఎరుపు, గోడ నీలం, మూలలో బూజు, అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. అమ్మకి చూపిస్తే "ఇది ఎవరింట్లోది?" అని అడిగింది. ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లు! ఆవిడ దాన్ని ఎన్నడూ అంత వెలుగులో చూడలేదు మరి. చీకటి కూడా ఆ ఇంట్లో ఒక సామానే. అది తీసేశాక ఇక ఆ గది ఆ గది కాదు.

దీనికి వ్యతిరేకమైన అబద్ధం ఇంకోటుంది, అది వంటింట్లో. పెంకుల మధ్య ఒక గాజు పెంకు వేసేవాళ్ళు, దాంట్లోంచి పొద్దున తొమ్మిదింటి వేళ ఒక కిరణం నిలువు స్తంభంలా పొయ్యి దగ్గర దిగేది. ఫోటోలు తీసేవాళ్ళకి ఆ కిరణం కనపడితే పండగే. నేనూ తీశాను. కానీ కిరణం గాల్లో అలా కనపడాలంటే గాల్లో ఏదో ఒకటి ఉండాలి కదా. అక్కడున్నది కట్టెల పొగ. మనం దేవుడి వెలుగు అని మురిసిపోతున్నది ఒక ఆడమనిషి ముప్పై నలభై ఏళ్ళు పీల్చిన పొగ. గ్యాసు బండ వచ్చాక ఆ ఇంట్లో కిరణం కనపడ్డం మానేసింది. గాజు పెంకూ ఉంది, ఎండా ఉంది, కిరణం లేదు. అత్తయ్య దానికి ఒక్కరోజు కూడా బాధపడలేదు. నేను ఫోటో కోసం సాంబ్రాణి వేయించాను.

అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళి ఫోటో ఒకటి ఆ ఇంట్లో గుమ్మం పైన ఉండేది. రాజమండ్రి స్టూడియోలో తీయించుకున్నారు. తాతయ్య కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు, అమ్మమ్మ పక్కన నిలబడింది, వెనక గుడ్డ మీద పెయింటింగు. ఆ పెయింటింగులో ఏముందో చెప్పుకోండి. స్తంభాలు! దొరల బంగళాల్లో ఉండే లావుపాటి తెల్ల స్తంభాలు, వాటి మీంచి జారుతున్న తెరలు, దూరంగా మెట్లు. ఇంట్లో నిజం టేకు స్తంభాలు నాలుగు పెట్టుకుని, పడవెక్కి, బస్సెక్కి వెళ్ళి, గుడ్డ మీద గీసిన స్తంభాల ముందు నిలబడి వచ్చారన్నమాట. ఇంట్లో తీయించుకోవచ్చు కదా అని ఒకసారి అడిగితే అమ్మమ్మ నన్ను వింతగా చూసి, "ఇంట్లో ఏముందే తియ్యడానికి?" అంది.

కొంత కారణం కెమెరాదే. పాతకాలం గాజు ప్లేట్లు వెలుగుకి చాలా మందకొడిగా స్పందించేవి. ఇంటి లోపల తీయాలంటే షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి, మనిషి అంతసేపు కదలకుండా ఉండలేడు. అందుకే మొదటి నుంచీ మన దగ్గర ఇంటి లోపలి ఫోటో అంటే పెద్దవాళ్ళ వ్యవహారమే. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్ దయాళ్ (1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినాయన) తీసిన హైదరాబాద్ ప్యాలెస్‌ల ఫోటోలు చూడండి. ఫలక్‌నుమా గదుల్లో షాండ్లియర్లు, బారుగా వేసిన కుర్చీలు, నేల మీద మడత లేని తివాచీలు. అద్భుతమైన ఫోటోలు, కాదనను. కానీ మనుషులుండరు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు కూడా ఉండదు. గది తన హోదా చూపించుకుంటూ కూర్చుని ఉంటుంది. ఆ స్టూడియోయే 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు ఆవిడకి అప్పగించింది. సొంత ఇంటి లోపల కూడా పరదా చాటున ఉండే ఆడవాళ్ళు ఫోటో కోసం ఇంకొక లోపలికి వెళ్ళారు. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇళ్ళ లోపల తీసినవాళ్ళలో నాకు బాగా ఇష్టమైనవాడు పారిస్‌కి చెందిన ఎజీన్ అట్జే. మొదట నాటకాల్లో వేషాలు వేసేవాడు, తర్వాత పెద్ద చెక్క కెమెరా భుజాన వేసుకుని పాత పారిస్ అంతా తిరిగాడు. 1910లో పారిస్ ఇళ్ళ లోపలి భాగాలతో 60 ఫోటోల ఆల్బం చేశాడు. ఒక నటుడి ఇల్లు, ఒక టోపీలు కుట్టే అమ్మాయి గది, ఒక కూలివాడి గది, ఇలా ప్రతిదానికీ కింద వివరం. ఒక్క మనిషీ ఉండడు. అయినా ప్రతి గదిలోనూ ఎవరో ఇప్పుడే బజారుకి వెళ్ళినట్టుంటుంది. మంచం మీద దుప్పటి ముడతలు, నిప్పుగూటి (ఫైర్‌ప్లేస్) మీద కిక్కిరిసిన బొమ్మలు, గోడకి దగ్గరదగ్గరగా గుచ్చిన చిత్రాలు. తమాషా ఏంటంటే, ఆ 60లో కొన్ని అతని సొంత ఇంటివే. వేరేవాళ్ళ ఇళ్ళన్నట్టు వివరం మార్చి రాశాడు.

మరి అట్జేని క్షమించి నన్ను నేను ఎందుకు తిట్టుకుంటున్నాను? అతను ఇల్లు ఎవరిదో అబద్ధం చెప్పాడు కానీ దుప్పటి ముడతలు సరిచేయలేదు. నేను ఇల్లు మాదేనని నిజం చెప్పి, లోపలున్నదంతా మార్చాను. వీటిలో పెద్ద అబద్ధం ఏది? నన్నడిగితే నాదే. అలాగని దీన్నో రూలు చేద్దామంటే అమెరికన్ ఫోటోగ్రాఫరు వాకర్ ఎవాన్స్ అడ్డొస్తాడు. 1936 వేసవిలో అలబామాలో పత్తి కౌలురైతుల ఇళ్ళలో అతను తీసిన ఫోటోలు నిజాయితీకి కొలబద్ద అంటారు. వెంట వెళ్ళిన రచయిత జేమ్స్ ఏజీ ఆ ఇళ్ళలో ఉన్న ప్రతి వస్తువునీ జాబితా రాసుకున్నాడు. తర్వాత పరిశోధకులు ఆ జాబితానీ ఫోటోలనీ పక్కపక్కన పెట్టి, ఎవాన్స్ కొన్ని వస్తువులు జరిపాడనీ, నిప్పుగూటి మీద ఉన్న అలారం గడియారం ఆ ఇంటిది కాకపోవచ్చుననీ వాదించారు. అయినా ఆ ఫోటోలు చూస్తే నాకు గుండె పట్టేస్తుంది. కాబట్టి సామాను ముట్టుకుంటేనే పాపం అని నేననను. ఫ్రేము పెట్టడమంటేనే ఏదో ఒకటి బయట వదలడం. కానీ ఎవాన్స్ ఏం జరిపినా ఆ ఇంటి లేమిని దాచలేదు. నేను ప్లాస్టిక్ కుర్చీ దాచింది, మావయ్యా అత్తయ్యా ఇంకా ఆ ఇంట్లో బతుకుతున్నారన్న సంగతి కనపడకుండా.

ఇంకో విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మన పాత ఇళ్ళు నిలబడ్డవాళ్ళ కోసం కట్టినవి కావు. నేల మీద చాప, పీట, ఆరడుగుల మనిషి తల వంచాల్సిన గుమ్మం, మోకాలెత్తులో మొదలయ్యే కిటికీ. కిటికీ అంత కిందికి ఎందుకుందంటే, కింద పడుకున్నవాళ్ళకి గాలి తగలాలి. గోడల మీద పటాలు చూడండి, దాదాపు దూలాల దగ్గర వేలాడదీసి పైఅంచు ముందుకి వంచి కడతారు. నిలబడితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు అది. కింద కూర్చుని తలెత్తితే మాత్రం లక్ష్మీదేవి సూటిగా మన కళ్ళలోకి చూస్తుంది. (ఆ లక్ష్మీదేవి రవివర్మ గీసిన లక్ష్మే. 1894లో బొంబాయిలో ఆయన రంగుల పటాలు అచ్చువేసే లితో ప్రెస్సు పెట్టాక ఈ దేవుళ్ళు కాగితం మీద ఇంటింటికీ చేరారు. కాబట్టి "అనాదిగా" అనుకునే మన గోడ కూడా ఒకప్పుడు కొత్త ఫ్యాషనే.) నేనేమో ట్రైపాడ్ ఐదడుగుల ఎత్తులో పెట్టి, 16 ఎం.ఎం. లెన్సుతో గదిని సాగదీసి, రియల్ ఎస్టేటు వాళ్ళలా తీశాను. ఆ ఎత్తు నుంచి ఆ ఇంటిని చూసేది ఎవరు? గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసే కొత్తవాళ్ళు, జప్తుకొచ్చే అమీను, కలప బేరగాడు. ఇంట్లోవాళ్ళెవరూ కాదు.

అలా చూస్తే అటు కొత్తవాళ్ళూ ఇటు ఇంట్లోవాళ్ళూ కాని మనుషులు ఇంకొందరు ఉన్నారు. మండువా రోజూ ఊడ్చి నీళ్ళు చల్లిన ఆవిడ నట్టింటి గడప దాటినట్టు నాకు గుర్తు లేదు. పెరటి గుమ్మం దగ్గర ఆవిడ గ్లాసు వేరేగా బోర్లించి ఉండేది. పాత ఇంటి వైభవం అని రాసేటప్పుడు ఆ గ్లాసు ఎవరి ఫ్రేములోనూ పడదు, నా ఫ్రేములోనూ పడలేదు. అసలు "పాతకాలపు తెలుగు ఇల్లు" అనగానే మండువా ఇల్లే ఎందుకు గుర్తుకొస్తుంది? ఊళ్ళో ఎక్కువమంది ఉన్నది తాటాకు ఇళ్ళలో. తుఫానొస్తే ఎగిరిపోయేవి, ఎండాకాలం నిప్పంటుకుంటే వీధి వీధంతా పోయేవి. వాటికి వేళ్ళతో తట్టి చూడ్డానికి కలపా లేదు, వెతుక్కోవడానికి ఫోటోలూ లేవు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర మ్యూజియంలో ఉత్తరాంధ్ర చుట్టిల్లు (గుండ్రటి మట్టి ఇల్లు) ఒకటి కట్టి పెట్టారు. మంచి పని. మట్టి గోడ మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది. కానీ మ్యూజియం ఇంట్లో మరీ శుభ్రం ఎక్కువ, గోడకి ఒక్క మేకు మరక కూడా లేదు.

ఇల్లు అమ్మేశారని తెలిసి రెండోసారి వెళ్ళినప్పుడు మండువా ఊడ్చిన ఆవిడ కూతురు కనపడింది, వాళ్ళింటికి రమ్మంది. రెండు గదుల స్లాబు ఇల్లు. గోడ పొడుగునా చెక్క బల్ల మీద స్టీలు గిన్నెలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చి ఉన్నాయి, తోమి తోమి అద్దాల్లా ఉన్నాయి. ఆ గిన్నెల వరస నాకు ఎంతో నచ్చి కెమెరా తీశాను. "అక్కడొద్దమ్మా, ఇలా రా" అని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎర్ర రంగు ఫ్రిజ్, తలుపు మీద పూల డిజైను, స్టిక్కరు ఇంకా పీకలేదు. దాని మీద ఒక చెయ్యి వేసి నిలబడింది. నాకు చటుక్కున అమ్మమ్మ పెళ్ళి ఫోటో, ఆ తెల్ల స్తంభాల గుడ్డ గుర్తొచ్చాయి. గిన్నెల ముందు నిలబెట్టి తీసుంటే నాకు "ఆర్టు" వచ్చేది. ఆవిడ అడిగిన చోటే తీశాను. ఫ్రేము కట్టించి పంపితే ఇప్పుడు ఆ ఫ్రిజ్ పైనే గోడకి ఉందిట.

ఇదంతా చదివి, పాత సామాను మీద ప్రేమే తప్పంటోందనుకునేరు. కాదు. తమిళనాడులోని కారైక్కుడి వెళ్ళినప్పుడు పాత సామాన్ల వీధిలో గంటలు గంటలు తిరిగాను. ఎవరెవరి ఇళ్ళ తలుపులో, ఎవరి వంటింటి ఎనామిల్ గిన్నెలో, కుప్పలు పోసి అమ్ముతున్నారు. అక్కడ కొన్న చిలక్కొయ్య ఒకటి హైదరాబాద్‌లో మా ఫ్లాటు గోడకి ఉంది. దానికి స్కూటీ తాళం వేలాడుతుంది. ఏ ఇంట్లో ఎవరి చొక్కా మోసిందో తెలియదు గానీ ప్రస్తుతానికి ఉద్యోగంలోనే ఉంది. నన్ను చికాకు పెట్టేది తిరగలిని రెస్టారెంటు రిసెప్షన్‌లో పెట్టి దాని మీద బంతిపూలు చల్లడం. తిరగలి తిప్పిన చెయ్యి ఎంత కాయలు కాసేదో తెలిసినవాళ్ళు ఆ పూలు చల్లగలరా?

రెండోసారి నేను తీసిన ఫోటోలు వేరు. ఏమీ సర్దలేదు. అమ్మమ్మ పీట వేసుకునే చోట, వంటింటి గుమ్మానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. 50 ఎం.ఎం. లెన్సు ఒక్కటే వాడాను. అది గదిని పెద్దది చేయదు, ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. చీకటిని చీకటిగానే వదిలేశాను, భోషాణం చాలా ఫోటోల్లో కడియం మెరుపు మాత్రమే. కూర్చున్న ఎత్తు నుంచి ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు స్తంభాల పక్కనే మరో నాలుగు స్తంభాల్లా ఉన్నాయి. రేకులూ వచ్చాయి, వైర్లూ వచ్చాయి. పటాలు తీసేసిన గోడ మీద సున్నం పాతబడని తెల్లటి చదరాలు మిగిలాయి. వాటిని మాత్రం కాస్త ఎక్కువే తీశానేమో, అవి మరీ అందంగా ఉన్నాయి, ఆ బలహీనత నాకింకా పోలేదు. ఈ ఫోటోలు పెడితే పదకొండు లైకులొచ్చాయి. అందులో నాలుగు మా ఇంట్లోవాళ్ళవే.

అత్తయ్య ఇప్పుడు కాకినాడలో కొడుకు దగ్గర అపార్టుమెంటులో ఉంటోంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ ఫోటోలు ట్యాబులో పెట్టి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసింది. స్తంభాల దగ్గర ఆగలేదు. కిరణం దగ్గరా ఆగలేదు, అసలు కిరణమే లేదు కదా. క్యాలెండరు ఉన్న ఫోటో దగ్గర ఆగి, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంది. పాలు రాని రోజులకి ఆవిడ పెన్నుతో సున్నాలు చుట్టేది. వేలు పెట్టి లెక్కపెట్టింది, మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టింది.

"ఆరు రోజులే! ఆ నెల వాడు ఆరు రోజులు పాలు పొయ్యలేదు. నాలుగు రోజులకే డబ్బులు తగ్గించాడు. నేనప్పుడే చెప్పాను మీ మావయ్యకి, వింటేనా."